శబ్దం లేని పాఠాలు

కృపాదానం మాస్టారు గొంతు ఆపరేషన్ చేయించుకుని బడికి తిరిగి వచ్చేసరికి టైంటేబుల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. అది నాదెండ్ల మండలంలో ఒక ఊరి హైస్కూలు. ఆయన అక్కడ భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేవాడు. క్యాన్సర్ పట్టిన స్వరపేటికను గుంటూరులో తీసేశారు. ఊపిరి ఆడటానికి మెడ ముందు ఒక రంధ్రం పెట్టారు. దాని మీద తెల్లటి పల్చటి గుడ్డ కట్టుకుని తిరిగేవాడు. ప్రాణానికి ఇక భయం లేదని, మాట మాత్రం రాదని డాక్టర్లు చెప్పి పంపారు.

గొంతుకు ఆనించి పట్టుకుంటే మాట పలికించే చిన్న యంత్రం ఒకటి ఆసుపత్రిలో ఇచ్చారు. తిరిగి వచ్చిన మొదటి రోజు పదో తరగతిలోకి వెళ్ళి దానితో "కూర్చోండి" అన్నాడు. రేకు డబ్బాలో తుమ్మెద తిరిగినట్టు వచ్చింది ఆ మాట. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని ఇంకొందరు నవ్వారు. మాస్టారు కోప్పడలేదు. యంత్రాన్ని జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. బడిలో మళ్ళీ దాన్ని తీయలేదు.

హెడ్మాస్టరు వీరాంజనేయులు మంచివాడే. కృపాదానం మాస్టారికి ఏ ఇబ్బందీ రాకూడదనుకున్నాడు. అందుకని మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు ఫోన్‌లో తీసి ప్రభుత్వ యాప్‌లో ఎక్కించే పని ఆయనకు అప్పగించాడు. పాతికేళ్ళు సైన్సు చెప్పిన మనిషి రోజూ పప్పుచారు గిన్నె ముందు ఫోన్ పట్టుకుని నిలబడేవాడు. ఎవరైనా పలకరిస్తే చంకలో ఉన్న ప్లాస్టిక్ పలక తీసి జవాబు రాసేవాడు. రెండు మాటల్లో అయిపోయేది. కొన్నాళ్ళకు పలకరించేవాళ్ళు కూడా తగ్గారు.

ఆయన క్లాసులు ప్రశాంతికి వచ్చాయి. ప్రశాంతి ఆ బడిలో లెక్కల టీచరు. అంతకుముందు అదే బడిలో కృపాదానం మాస్టారి శిష్యురాలు. లెక్కలతో పాటు భౌతికశాస్త్రం కూడా చెప్పాలంటే ఆమెకు చేతకాక కాదు, కానీ కాంతి పాఠం మొదలుపెట్టగానే తన గొంతులో ఏదో తేడా తెలిసింది. తను చెప్తున్నది పుస్తకంలో ఉన్నదే. మాస్టారు చెప్పింది మాత్రం అది కాదు. ఆయన గరిటె తెప్పించి, అందులో పిల్లల మొహాలు తలకిందులుగా చూపించి, తరువాతే పుటాకార దర్పణం అనే మాట ఎత్తేవాడు.

అప్పుడు ఆమెకు వీడియో పాఠాలు గుర్తొచ్చాయి. నాలుగేళ్ళ కిందట ఒక కోచింగ్ కంపెనీ మాస్టారి చేత పదో తరగతి పాఠాలన్నీ చెప్పించి, షూట్ చేయించి, పెన్‌డ్రైవుల్లో అమ్మింది. ఒకటి బడికి కూడా ఇచ్చింది. బీరువాలో వెతికితే దొరికింది. ఇంటికి తీసుకెళ్ళి తమ్ముడి లాప్‌టాప్‌లో పెట్టి చూసింది. ఆ పాఠాలు కంపెనీ వాళ్ళ సొంత ప్లేయర్‌లో తప్ప ఆడవు. ఆ ప్లేయరేమో లాగిన్ అవ్వమంటుంది. కంపెనీ మూతబడి రెండేళ్ళయింది. లాగిన్ అవుదామంటే అవతల ఎవరూ లేరు.

మరునాడు ఆ సంగతి మాస్టారికి చెప్పింది. ఆయన పలక మీద ఒకే పేరు రాశాడు: షబ్బీర్.

షబ్బీర్‌కు నరసరావుపేటలో పెళ్ళి వీడియోల షాపు ఉంది. ఆ పాఠాలు షూట్ చేసింది అతనే. ఆదివారం ప్రశాంతి వెళ్ళేసరికి షాపు నిండా లైట్లు, స్టాండ్లు, మధ్యలో ఎడిటింగ్ చేసే కుర్రాళ్ళు ఉన్నారు. కార్తీక మాసం, ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నాయి.

"మాస్టారి గొంతు పోయిందంటగా మేడం! నమ్మలేకపోయా," అన్నాడు షబ్బీర్. "కాలరు మైకు పెడదామంటే నాకెందుకయ్యా అన్నాడు ఆయన. నిజంగానే అక్కర్లా. తలుపు బయట నిలబడ్డా వినపడేది."

"ఆ వీడియోలు మీ దగ్గరేమన్నా ఉన్నాయా?"

"ఎడిట్ చేసి ఇచ్చినవాటికి తాళం ఏసుకున్నారు కంపెనీవాళ్ళు. కెమెరాలోంచి తీసినవి తీసినట్టు నా దగ్గర ఉండాలి. నేనేదీ చెరపను మేడం. ఎవరి పెళ్ళి ఎప్పుడు అడుగుతారో తెలవదు."

అటక మీద బిస్కెట్ల డబ్బాలోంచి ఒక హార్డ్ డిస్క్ తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. మామూలుగా అన్నిట్లో ఆడేలా వాటిని మార్చి ఇవ్వగలడా అని ప్రశాంతి అడిగింది.

"ఇప్పుడా? చూస్తన్నారుగా. పెళ్ళికూతుళ్ళంతా నా ప్రాణం తీస్తన్నారు. మార్గశిరం పోనీండి, కూర్చుని చేసిస్తా."

మార్గశిరం పోతే సిలబస్ కూడా పోతుంది. ప్రశాంతి డిస్క్ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కింది. తమ్ముడు లాప్‌టాప్ తీసుకుని హాస్టల్‌కు వెళ్ళిపోయాడు, ఇక బడి కంప్యూటర్లే దిక్కు.

బడిలో పది కంప్యూటర్లు ఉన్నాయి. నరసరావుపేటలోని ఒక ట్రస్టు ఇచ్చినవి. వాటిని చూసుకునేది చెన్నకేశవులు అనే రిటైరైన పాలిటెక్నిక్ లెక్చరరు. వాటిలో ఆయన వేసిన సిస్టమ్ కొనేది కాదు, ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపల ఎలా రాశారో చూసుకుని, మార్చుకుని, పంచుకోగలిగేది. చుట్టుపక్కల పన్నెండు బడులకు ఆయన అలాంటివే పెట్టించాడు. నెలకొకసారి ఒక్కో బడికీ వచ్చి చూసి వెళ్ళేవాడు. ఆయన పాస్‌వర్డ్ లేకుండా అందులో కొత్తగా ఏదీ ఎక్కదు.

సోమవారం పదో తరగతిని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ప్రశాంతి డిస్క్ తగిలించింది. గోడ మీద బొమ్మ వచ్చింది. నాలుగేళ్ళ కిందటి కృపాదానం మాస్టారు, మెడకు గుడ్డ లేకుండా, ఇంకాస్త ఒళ్ళుతో, చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. ప్రశాంతి స్పీకరు వైరు ఊడదీసి మళ్ళీ పెట్టింది, వాల్యూమ్ పెంచింది. బొమ్మ మూల ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ఈ శబ్దాన్ని చదివే డీకోడర్ ఈ కంప్యూటర్‌లో లేదని చెప్పింది.

"ఇందులో కూడా సార్‌కి మాట రాలా మేడం," అన్నాడు ముందు బెంచీలో ఒకడు. వెక్కిరించాలని అనలేదు, కనపడింది అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నాడని అప్పటికే అందరూ చూశారు.

ప్రశాంతి వీడియో ఆపబోయింది. మాస్టారు వద్దన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వచ్చాడు. గోడ మీద తన పెదవుల వంక కాసేపు చూశాడు. తరువాత ఆపమని సైగ చేసి, సుద్దముక్క తీసుకుని పక్కనున్న బోర్డు మీద రాశాడు: "గరిటె లోపలి వైపు చూడు. నీ మొహం ఎలా ఉంది? బయటి వైపు చూడు. ఇప్పుడెలా ఉంది?"

రాసి, ఇక నడిపించమని తలూపాడు. బొమ్మ కదిలింది. మళ్ళీ ఆపించాడు, మళ్ళీ రాశాడు. గోడ మీద మనిషి ఒక గీత గీస్తే, ఈయన ఆ గీత ఎందుకు గీశాడో బోర్డు మీద రాశాడు. పీరియడ్ అయిపోయిందని బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు.

అలా మొదలైంది. మరునాడు కూడా ఆయన తనంతట తానే వచ్చాడు. కంప్యూటర్ దగ్గర ప్రశాంతి కూర్చునేది, బోర్డు దగ్గర ఆయన నిలబడేవాడు. తనేం చెప్పాడో కొన్నిచోట్ల ఆయనకే పెదవులు చూసి తెలిసేది కాదు. అప్పుడు నవ్వి, భుజాలెగరేసి, కొత్తగా ఆలోచించి రాసేవాడు. పిల్లలకు డౌటు వస్తే లేచి బోర్డు దగ్గరికి వచ్చి ఆ గీత మీద వేలు పెట్టాలి. కూర్చున్నచోటి నుంచి అరిస్తే లాభం లేదని వాళ్ళే కనిపెట్టారు. జెబా అనే పిల్ల రోజూ వచ్చేది. కిరణం ఇక్కడే ఎందుకు వెనక్కి తిరగాలి, అక్కడ ఎందుకు తిరగకూడదు అని వేలు అటూ ఇటూ జరిపేది. ఆయన ఆ పిల్ల వేలు పట్టుకుని దర్పణం గీత మీద నడిపించేవాడు.

వారం తిరిగేసరికి హెడ్మాస్టరు టైంటేబుల్లో పెన్సిల్‌తో మాస్టారి పొడి అక్షరాలు, కె.డి. అని రాశాడు. భోజనం ఫొటోల పని డ్రిల్లు మాస్టారికి వెళ్ళింది.

అయినా ప్రశాంతికి తృప్తి లేదు. డిస్క్‌లో ఆయన గొంతు ఉంది. ఉండీ వినపడకపోవడం ఆమెకు సహించలేదు. చెన్నకేశవులుకు ఫోన్ చేసింది.

"తెలుసమ్మా, ఆ డీకోడర్ వేస్తే వినపడుతుంది. అయిదు నిమిషాల పని," అన్నాడు ఆయన.

"మరి వేయండి సార్."

"వేయను. ఆ శబ్దాన్ని కుదించే పద్ధతి మీద కంపెనీలు హక్కులు పెట్టుకున్నయ్యి. అందుకే దాన్ని మన సిస్టమ్‌తో కలిపి ఇయ్యరు. కావలసినవాళ్ళు తమ పూచీ మీద వేసుకోవాలి. పన్నెండు బడుల్లో ఎక్కడా నేను వేయలేదు. ఒకచోట వేస్తే అన్నిచోట్లా అడుగుతారు. రేపు ఇంకోటి అడుగుతారు. ఆఖరికి మన చేతిలో ఏం మిగలదు."

"మా మాస్టారి పాఠాలు సార్ అవి."

"మీ మాస్టారి పాఠాలు ఎందుకు పోయినయ్యో ఆలోచించు. కంపెనీ తాళం వేసుకుని పోయింది గనక. మళ్ళా అట్టాంటివాళ్ళ గుమ్మం ముందుకే పోదామంటావేంది?"

ఆయన చెప్పింది తప్పని ఆమెకు అనిపించలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆ నెల చివర చెన్నకేశవులు మామూలుగా తన రౌండుకు వచ్చాడు. భుజాన సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, కాళ్ళకు దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు. ఆయన వచ్చేసరికి పదో తరగతి కంప్యూటర్ గదిలోనే ఉంది. లోపలికి రాకుండా కిటికీ దగ్గర నిలబడి చూశాడు. గోడ మీద ఒక కృపాదానం పెదవులు కదుపుతున్నాడు. బోర్డు దగ్గర ఇంకో కృపాదానం చెమటలు కక్కుతూ రాస్తున్నాడు. ఊపిరి చాలక మధ్యలో ఆగి, మెడ మీద గుడ్డ సర్దుకుని మళ్ళీ రాస్తున్నాడు.

పిల్లలు వెళ్ళాక ముగ్గురూ ఆ గదిలోనే కూర్చున్నారు.

"మంచి క్లాసు మాస్టారూ," అన్నాడు చెన్నకేశవులు. "శబ్దం లేకపోతేనే బాగుందేమో అనిపించింది నాకు."

కృపాదానం మాస్టారు పలక తీసుకున్నాడు. రాయడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది. రాసి ఆయన వైపు తిప్పాడు.

"పిల్లలకి బాగుంది. నా గొంతు నాకు ఒకసారి వినాలని ఉంది. దానికి ఎవర్ని అడగాలి?"

చెన్నకేశవులు పలక చదివాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ఆ డీకోడర్ రాసింది ఎవరు సార్? కంపెనీ వాళ్ళా?" అని ప్రశాంతి అడిగింది.

"కాదమ్మా. మనలాంటివాళ్ళే, ఊరికే కూర్చుని కనిపెట్టి రాశారు. దాన్ని ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పద్ధతి మీద హక్కు మాత్రం మాదేనని కంపెనీలు అంటయ్యి. కొన్ని దేశాల్లో చెల్లుద్ది, కొన్నిచోట్ల చెల్లదు."

"అంటే లోపల ఇరుక్కున్నదాన్ని బయటికి తీయడానికి మనవాళ్ళే చేసిపెట్టిన పనిముట్టు గదా అది. ఒక్కసారి బయటికి తీసి, ఎవరి హక్కూ లేని పద్ధతిలోకి మార్చి పెట్టుకుంటే? తరువాత దాంతో పనే ఉండదు."

చెన్నకేశవులు సంచిలోంచి నీళ్ళ సీసా తీసి తాగాడు. ఆ ఆలోచన తనకు తట్టక కాదు. ఒకచోట సడలిస్తే చెయ్యి జారిపోతుందన్న భయం ఇన్నాళ్ళూ ఆయన్ని ఆపింది.

"ఒక్క కంప్యూటర్‌లో వేస్తా," అన్నాడు చివరికి. "పాఠాలన్నీ మార్చాక తీసేస్తా. మార్చినవి ఎవరైనా, ఎక్కడైనా చూసుకునేట్టు ఉండాలి. ఒప్పుకుంటారా మాస్టారూ? మీ పాఠాలు గదా. ఎవరు కాపీ చేసుకున్నా మీరు కాదనకూడదు."

మాస్టారు పలక తుడిచి "సంతోషం" అని రాశాడు.

మార్చడానికి చెన్నకేశవులు నాలుగు రోజులు బడికి వచ్చాడు. పాత కంప్యూటర్ కావడం వల్ల ఒక్కో పాఠానికి చాలాసేపు పట్టేది. అది నడుస్తున్నంతసేపూ ఆయన పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు. మధ్యాహ్నం పిల్లలతో పాటే అన్నం తిన్నాడు. అంతా అయ్యాక, చెప్పినట్టే ఆ డీకోడర్ తీసేశాడు. తీసేసినట్టు ప్రశాంతికి తెరమీద చూపించి మరీ వెళ్ళాడు.

గొంతు వినపడిన రోజు హెడ్మాస్టరు కూడా వచ్చి కూర్చున్నాడు. మాస్టారి భార్య సువార్తమ్మను ప్రశాంతే కబురు పెట్టి పిలిపించింది. ఆమె నాదెండ్ల నుంచి ఆటోలో వచ్చి, చెప్పులు బయట వదిలి, ఆడపిల్లల పక్కన కింద కూర్చుంది.

"గరిటె లోపలి వైపు చూడండి రా! ఏమైంది నీ మొహానికి?"

గది నిండింది ఆ గొంతుతో. పిల్లలు ఉలిక్కిపడి, వెంటనే నవ్వారు. చివరి బెంచీ దాకా కొట్టినట్టు తగిలే గొంతు అది. ఆపరేషన్ తరువాత వాళ్ళు ఆ గొంతు వినడం అదే మొదలు. సువార్తమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం గోడ వంక చూడకుండా నేల వంక చూస్తూ, తలవంచుకుని విన్నాడు. గోడ మీద తను వేసిన జోకుకు ఒకచోట ఆయనకే నవ్వొచ్చింది. శబ్దం లేని నవ్వుకు భుజాలు కదిలాయి.

ఆ తరువాత క్లాసులు తేలికయ్యాయి. ప్రశాంతి బటన్ నొక్కితే చాలు. గోడ మీద మాస్టారు చెప్పేవాడు, పిల్లలు రాసుకునేవాళ్ళు. బోర్డు దగ్గర పని లేక అసలు మాస్టారు వెనక బెంచీలో కూర్చునేవాడు. జెబా ఒకటి రెండుసార్లు లేచి, బోర్డు మీద గీత లేకపోవడంతో వేలు ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చుంది.

కాంతి అయిపోయి విద్యుత్తు మొదలైంది. అక్కడ ఇంకో సంగతి బయటపడింది. గోడ మీద మాస్టారు రెండు వాక్యాలకొకసారి గొంతు సవరించుకుంటున్నాడు. ఒక పాఠం దాటి ఇంకో పాఠానికి వచ్చేసరికి ఆ సవరింపు ఎక్కువైంది. గొంతు అంచున చిన్న బొంగురు చేరింది. మధ్యలో ఆగి నీళ్ళు తాగి, "దుమ్ము రా, సుద్ద దుమ్ము," అన్నాడు. పిల్లలకు అది పట్టలేదు. ప్రశాంతి వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు రెండు చేతులూ బెంచీ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మరునాడు ఆయన బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. సెలవు పెట్టాడని హెడ్మాస్టరు చెప్పాడు.

శనివారం బడి అయ్యాక ప్రశాంతి నాదెండ్ల వెళ్ళింది. మాస్టారు పెరట్లో గేదెకు జొన్నచొప్ప వేస్తున్నాడు. ఆమెను చూసి తల ఊపాడు గానీ పని ఆపలేదు. సువార్తమ్మ మంచం వాల్చి కూర్చోమంది.

"రెండు రోజుల్నించీ అన్నం సరిగ్గా తింటంలేదమ్మా," అంది సువార్తమ్మ, మొగుడికి వినపడేలాగే. "అప్పుడే గొంతు పట్టేసిందంట గదా, ఆ వీడియోలో ఉందంట. అప్పుడే ఆసుపత్రికి పోయుంటే గొంతు మిగిలేదేమో అని బుర్రలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అప్పుడు మిరియాల కషాయం కాచి ఇచ్చా. నేను మాత్రం ఏం చెయ్యాలి? నాకేం తెలుసు?"

మాస్టారు చొప్ప కట్ట కింద పెట్టి వచ్చి మంచం చివర కూర్చున్నాడు. పలక అడిగి తీసుకున్నాడు.

"తప్పు నీది కాదు," అని రాసి భార్యకు చూపించాడు.

"నాది కాదని నాకూ తెలుసు. నీది కూడా కాదని నువ్వు రాసుకో ముందు," అంది ఆమె.

ఓదార్చడం తన వల్ల కాదనుకుంది ప్రశాంతి. అందుకని బడి సంగతే ఎత్తింది.

"సార్, ఓమ్ నియమం దగ్గర ఆగిపోయాం. పిల్లలు వీడియో చూశారు, వినపడింది, రాసుకున్నారు. లెక్క ఇస్తే ఒక్కరికీ రాలేదు. ఆపమంటే ఆగుద్ది, మళ్ళా పెట్టమంటే పెడుద్ది గానీ, ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో దానికి తెలీదు. నేను చెప్పబోతే జెబా లేచి, సార్ ఎప్పుడొస్తారు మేడం అని అడిగింది."

మాస్టారు రాశాడు: "నువ్వు చెప్పగలవు."

"చెప్పగలను. ఆ పిల్ల నన్ను అడగలా, మిమ్మల్ని అడిగింది."

ఆయన పలక వంక, పెరటి వంక చూశాడు.

"పోయిరా," అంది సువార్తమ్మ. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? గేదెకు నువ్వేసేది సగం కింద పోతంది. నేనే మళ్ళా ఎత్తాలి."

సోమవారం ఆయన వచ్చాడు. ఈసారి వెనక బెంచీకి వెళ్ళలేదు. విద్యుత్తు పాఠాలు కొంత శబ్దంతోనూ కొంత శబ్దం లేకుండానూ నడిచాయి. లెక్క వచ్చిన ప్రతిచోటా ఆయన శబ్దం కట్టేయించి బోర్డు దగ్గరికి వెళ్ళేవాడు. గొంతు బొంగురుపోయిన పాఠాలను మాత్రం దాటవేయనివ్వలేదు. అవి వస్తున్నప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ పిల్లల పుస్తకాల్లో సర్క్యూట్లు దిద్దేవాడు.

డిసెంబరులో చెన్నకేశవులు ఆ పాఠాలన్నీ మిగతా పదకొండు బడులకు ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. ఇచ్చే ముందు మాస్టారిని అడిగాడు: "గొంతు సవరించుకున్నచోట్లన్నీ కత్తిరించి తీసేయమంటారా? వినేవాళ్ళకు హాయిగా ఉంటది."

మాస్టారు చాలాసేపు ఆలోచించలేదు. పలక మీద రాశాడు: "ఉంచండి. పాఠం చివర ఒక మాట కలపండి. గొంతు మూడు వారాలు దాటి బొంగురుగా ఉంటే కషాయాలు మాని డాక్టరుకు చూపించుకోవాలి. ఇది కూడా సైన్సే."

చెన్నకేశవులు ప్రతి పాఠం చివరా ఆ మాటలు తెర మీద వచ్చేలా చేశాడు. దాని కింద, డౌట్లు ఉంటే అడగండి అని కృపాదానం మాస్టారి ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఆయన ఎలా మాట్లాడతాడన్నది ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు.

సంక్రాంతి సెలవులు అయిన కొద్ది రోజులకు ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది గురజాల వైపు ఒక బడి నుంచి వచ్చింది. అప్పుడు సాయంత్రం. మాస్టారు పెరట్లో ఉన్నాడు. ఫోన్ సువార్తమ్మ ఎత్తింది.

"సార్ ఉన్నారాండీ? వీడియోలో ఫిజిక్స్ చెప్పే సార్?" అని ఒక ఆడపిల్ల గొంతు.

"ఉన్నాడమ్మా, ఉండు," అని సువార్తమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి మొగుణ్ణి చూసింది. "నిన్నేనయ్యా. ఏం చెప్పను?"

మాస్టారు స్పీకర్ పెట్టమని సైగ చేశాడు. ఆ పిల్ల రెండు బల్బులను సమాంతరంగా కలిపితే ఒకటి మాడిపోయినా రెండోది ఎందుకు వెలుగుతుందని అడిగింది. మాస్టారు పలక మీద గబగబా రాసి సువార్తమ్మకు అందించాడు. ఆమె చదువు అయిదో తరగతితో ఆగింది. కూడబలుక్కుని, గొంతెత్తి చదివింది.

"పటం గియ్యి తల్లీ. గీశావా? బ్యాటరీ దగ్గర వేలు పెట్టు. ఇప్పుడు మాడిపోయిన బల్బును వదిలేసి, ఇంకో దారిన వేలు నడిపించు. మళ్ళా బ్యాటరీ దగ్గరికి వచ్చావా లేదా?"

"వచ్చానండీ!" అంది ఆ పిల్ల.

"వస్తే కరెంటు కూడా వస్తదంట," అని సువార్తమ్మ తరువాతి మాట కోసం పలక వంక చూసింది. మాస్టారు అప్పటికే ఇంకోటి రాస్తున్నాడు. "ఆగు, ఫోన్ పెట్టబాక. ఇంకా ఏందో రాస్తన్నాడు. ఈయన రాత నాకు అర్థమయ్యేసరికి కాస్త టైం పట్టుద్ది. ఇంతకీ నీ పేరేందమ్మా?"